నాలుక కింద బొత్తాం

ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆ మాట పుట్టించిన పెద్దమనిషి చొక్కాల కంపెనీలో మూడో లైనును చూసి ఉండడు. అక్కడ నలభై మంది ఆడవాళ్ళ నోళ్ళలో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా తలా ఒక బొత్తాం నానుతూ ఉండేది. నాలుగు చిల్లుల తెల్ల బొత్తాం, చొక్కాలకు కుట్టేదే. నాలుక కింద పెట్టుకుంటే నోరు ఎండదు. నోరు ఎండకపోతే నీళ్ళు గుర్తుకు రావు. నీళ్ళు తాగకపోతే మిషను ముందు నుంచి లేవాల్సిన పని ఉండదు.

ఈ ఉపాయం కనిపెట్టింది కాలరక్క. ఏడేళ్ళుగా చొక్కాలకు కాలర్లు తప్ప మరొకటి కుట్టలేదు కాబట్టి ఆమెకా పేరు. కొత్తగా ఎవరైనా లైనులోకి వస్తే తన కొంగు ముడిలోంచి ఒక బొత్తాం తీసి, అరచేతిలో పెట్టి, "ఇదుంటే నీకు ఏ బాధా లేదు తల్లీ" అనేది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు దీవెన ఇచ్చినట్టే ఇచ్చేది, పాపం, మంచి మనసుతోనే.

ఎందుకింత అవస్థ అంటే, బిళ్ళ. లైను మొదట్లో సూపర్వైజరు కుర్చీ పక్కన గోడకు ఒక మేకు, ఆ మేకుకు అరచేయంత చెక్క బిళ్ళ. మరుగుదొడ్డికి వెళ్ళాల్సినవాళ్ళు ఆ బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, వచ్చి మళ్ళీ తగిలించాలి. నలభై మందికీ కలిపి ఒకటే బిళ్ళ. దొడ్లేమో ఆవరణకు ఆ చివర. నాలుగు నిమిషాలు దాటినా బిళ్ళ మేకు మీదికి రాకపోతే సూపర్వైజరు ఈల ఊదేవాడు. ఆయనకు ఈలాయన అని పేరు పడింది అందుకే. ఈల మోగితే హాల్లో ఉన్న నాలుగు లైన్లూ తలలు తిప్పి చూసేవి. అంతమంది చూపుల మధ్య చీర సర్దుకుంటూ నడిచి రావడం కంటే ఉగ్గబట్టుకుని కూర్చోవడమే నయమనిపించేది ఎవరికైనా.

ఏడేళ్ళలో ఆ బిళ్ళను ఒక్కసారి కూడా ముట్టుకోని మనిషి కాలరక్క ఒక్కతే. మేనేజరు ఆ సంగతి మీటింగులో అందరి ముందూ చెప్పి, ఆమె ఫోటో గేటు దగ్గర గోడకు అంటించాడు. ఆమె దాన్ని రోజూ ఓరకంట చూసుకునే లోపలికి వెళ్ళేది. నడుములో అప్పుడప్పుడూ కలుక్కుమనేది. కూర్చుని కుట్టే ఉద్యోగం కదా, నడుము నొప్పి జీతంతో పాటు వస్తుందిలే అనుకునేది.

ఆ కంపెనీ రాకముందు ఆ వీధిలో ఆడవాళ్ళు ఏం చేసేవాళ్ళో చెప్పాలంటే కాలరక్క అత్తగారిని అడగాలి. ఆవిడ పాతికేళ్ళు క్వారీలో రాళ్ళు కొట్టింది. ఇప్పుడు కోడలు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, పదిమందితో కలిసి నవ్వుకుంటూ పనికి వెళ్తుంటే అరుగు మీద కూర్చుని చూసేది. పైకి మూతి తిప్పేది గాని, పక్కింటావిడతో మాత్రం "మా కోడలు కంపెనీలో చేస్తుంది" అని నాలుగిళ్ళకు వినిపించేలా చెప్పేది.

కాలరక్క మొగుడు టైలరు. వీధి మొగలో కొట్టు ఉండేది. కొలతలు తీసుకుని చొక్కా కుడితే పెళ్ళికొడుకులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు. కంపెనీ చొక్కాలు బజారులో గుట్టలు పోసి అమ్మడం మొదలయ్యాక కొట్టుకు తాళం పడింది. తాళం వేయించిన కంపెనీలోనే పెళ్ళానికి ఉద్యోగం! ఇంకొకరైతే ఆ మాటకే ఇల్లు నరకం చేసి ఉండేవాడు. ఈయన మాత్రం మిషను తెచ్చి ఇంటి ముందు గదిలో పెట్టుకుని, చిరుగులకూ జిప్పులకూ దిగి, వంట తన చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు కాలరు కుట్టు, నేను కూర వండుతా. రెండూ మెడ దాకా వచ్చే పనులే" అని నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో కాలరక్కకు తెలుసు. తెలిసీ అడిగేది కాదు.

నాలుగు నెలల క్రితం ఇంట్లోంచి మరొకరు కంపెనీకి వచ్చారు. టైలరు చెల్లెలు, ఇంటిల్లిపాదీ చిన్నది అని పిలిచే పంతొమ్మిదేళ్ళ పిల్ల. వదిన వెంటపడి, అన్నను బతిమాలి, అమ్మతో పోట్లాడి మరీ మూడో లైనులో కాజాలు కుట్టే మిషను ముందు కూర్చుంది. మొదటి రోజు పొద్దున వదిన ఆమెకూ ఒక బొత్తాం ఇచ్చింది. చిన్నది దాన్ని కళ్ళకద్దుకుని మరీ నోట్లో వేసుకుంది.

ఇలా ఉండగా ఈలాయన వేరే ఊరి కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీ ఖాళీ అయింది. శనివారం సాయంత్రం మేనేజరు కాలరక్కను గదిలోకి పిలిచాడు.

"ఈ కంపెనీలో ఇంతవరకూ ఆడమనిషి సూపర్వైజరు కాలేదు. నిన్ను చేద్దామనుకుంటున్నా. వారం రోజులు చూస్తాను. శనివారం లోపల ఒక్క రోజైనా లైను చేత ఎనిమిది వందల చొక్కాలు కుట్టించు. కుర్చీ నీది. లేదంటే మళ్ళీ కాలర్లకే."

ఎనిమిది వందలంటే నలభై మిషన్లూ ఊపిరి పీల్చకుండా తిరిగితే తలా ఇరవై. ఈలాయన హయాములో ఏడాదికి పదిసార్లు వచ్చి ఉంటే గొప్ప. కుర్చీ అంటే కాలరక్కకు ఫ్యాను కింద కూర్చోవడం ఒక్కటే కాదు. ఏడేళ్ళుగా తలొంచుకుని కుట్టిన మనిషి తలెత్తి ఒక మాట అంటే నలుగురూ వినడం. ఆ ఆశ ఎవరికీ చెప్పుకోలేదు గాని, ఆమెకు ఉంది, బాగా ఉంది.

"చేస్తాను సార్" అంది.

సోమవారం ఆమె కుర్చీలో కూర్చుంది. కాలర్ల మిషనుకు పక్క లైను నుంచి ఒకామెను వేశారు. బటన్లు కుట్టే అమ్మాయి నడుము నొప్పని వారం నుంచీ రావడం లేదు, ఆ మిషను ఖాళీ. అయినా సాయంత్రానికి ఏడు వందల ఎనభై అయిదు లెక్కకొచ్చాయి. ఒక్కరు కూడా బిళ్ళ ముట్టుకోలేదు. తమలోంచి ఒకామె కుర్చీ ఎక్కిందని అందరూ పళ్ళ బిగువున కూర్చున్నారు. జేబులు కుట్టే పెద్దావిడను లైనంతా జేబుల పిన్ని అంటుంది. ఆవిడ వెళ్తూ వెళ్తూ, "రేపు కొట్టేద్దాం లేవే" అని భుజం తట్టింది.

మంగళవారం పదకొండు గంటలకు చిన్నది కుర్చీలోంచి జారి కింద పడింది.

ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కాలరక్క లైనును పిన్నికి అప్పగించి, చిన్నదాన్ని ఆటోలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. కబురందుకుని అత్తగారు వెనకే వచ్చింది. నర్సు థర్మామీటరు పెట్టబోయి "నోరు తెరువు" అంది. చిన్నది తెరిచింది. నర్సు వేలు పెట్టి, తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడొక గాజు సీసా ఉంది. టక్కుమని చప్పుడైంది. ఆ సీసాలో అప్పటికే నాలుగు చిల్లుల తెల్ల బొత్తాలు అయిదో ఆరో ఉన్నాయి.

డాక్టరమ్మ పరీక్షలు చూసి చెప్పింది. "మూత్రపిండాలకు చీము పట్టింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ప్రాణానికే వచ్చేది. మీ కంపెనీ నుంచి ఈ రెండు నెలల్లో ఈ పిల్ల ఏడోది. బటన్లు కుట్టే అమ్మాయి ఆరోది, పక్క వార్డులోనే ఉంది. నీళ్ళు తాగరు, మూత్రానికి లేవరు, నోట్లో బొత్తాలు. ఎవరమ్మా మీకీ దిక్కుమాలిన విద్య నేర్పింది?"

కాలరక్క పక్కనే అత్తగారు నిలబడి ఉంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏడుగురిలో ఒక్కరు కూడా ఆమె పేరు బయటపెట్టలేదు. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఇక దాచలేకపోయింది.

"నేనే" అంది. "నేనే నేర్పానండీ. చిన్నదానికీ నేనే ఇచ్చాను అత్తయ్యా."

డాక్టరమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "అయితే నువ్వూ పడుకో. నీకూ పరీక్ష చెయ్యాలి." చేసింది. కుడివైపు ఒక రాయి ఉంది, గోలీకాయంత. జీతంతో పాటు వచ్చే నడుము నొప్పి అనుకున్నది అదే.

బయట బల్ల మీద అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. అత్తగారు తిడుతుందని కాలరక్క ఎదురుచూసింది. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. ఆవిడ తన చేతుల కాయలు చూసుకుంటూ మొదలుపెట్టింది.

"మేం క్వారీలో చేసేటప్పుడు కడుపు నిండా తిండి ఉండేది కాదే. కానీ కడుపు నిండా నీళ్ళుండేవి. దాహమైతే గంగాళం దగ్గరికెళ్ళి ముంచుకుని తాగేవాళ్ళం. అవసరమైతే గుట్ట వెనక్కి పోయేవాళ్ళం. మేస్త్రీ తిట్టేవాడు గాని, ఆ ఒక్కదానికీ అడ్డం వచ్చేవాడు కాదు. మీకు ఫ్యాన్లు, కార్డులు, గేటు దగ్గర ఫోటోలు. నేనేమో మా కోడలు బాగుపడిందని ఊరంతా చెప్పుకుంటున్నా. వాపును చూసి బలుపనుకున్నా."

కాలరక్కకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు" అంది అత్తగారు, కొంగు అందిస్తూ. "తాగేది ఎలాగూ లేదు, ఉన్న నీళ్ళయినా ఒంట్లో ఉండనీ."

సాయంత్రం ఇంట్లో టైలరు సంగతంతా విన్నాడు. చెల్లెలి కోసం పొట్లాలు సర్దుతూ, చివరికి మెల్లగా అన్నాడు.

"ఇంకా నాలుగు రోజులే కదా. శనివారం దాకా ఎలాగో నెట్టుకురా. కుర్చీ నీదయ్యాక ఆ బిళ్ళను పొయ్యిలో పెట్టినా అడిగేవాడుండడు."

మాట బాగానే ఉంది. కాలరక్క కూడా ఆసుపత్రి నుంచి వస్తూ దారి పొడుగునా అదే అనుకుంది. కానీ బొత్తాలతో సంపాదించిన కుర్చీ బొత్తాలతోనే నిలబడుతుంది. శనివారం ఎనిమిది వందలు వస్తే సోమవారం కూడా అంతే అడుగుతారు. అప్పుడు ఆమె చేతికే ఈల వస్తుంది. ఈ నాలుగు రోజుల్లో ఇంకెవరు పడిపోతారో!

"లేదండీ" అంది. "రేపటి నుంచే నీళ్ళు తాగిస్తా."

"మరి మిషను ఆగుతుంది కదా?"

"ఎవరు లేస్తే వాళ్ళ మిషను మీద నేను కూర్చుంటా."

టైలరు నవ్వలేదు గాని, నవ్వొచ్చిన మొహం పెట్టాడు. "నీకు కాలరు తప్ప ఏం వచ్చు? జేబు కుట్టగలవా? కఫ్ తిప్పగలవా? చెయ్యి ఎక్కించగలవా?"

రాదు. చొక్కాలో నలభయ్యో వంతు తప్ప ఆమెకేమీ రాదు. లైనులో ఎవరి పరిస్థితైనా అంతే. రోజుకు వేల చొక్కాలు కుట్టే హాలులో ఒక్క చొక్కా మొత్తం కుట్టగల మనిషి లేదు. ఆ మనిషి ఇంట్లో, ముందు గదిలో, పాత ప్యాంటుకు జిప్పు వేస్తున్నాడు.

"మీకు వచ్చుగా. నేర్పండి" అంది.

టైలరు ఆమె వంక చూశాడు. కొట్టు మూసినప్పటి నుంచి ఎవరూ ఆయన్ని ఆ మాట అడగలేదు. జిప్పు పక్కన పడేసి, పాత దుప్పటి ఒకటి చించి, సుద్దముక్కతో గీతలు గీశాడు. "ఇటు రా. ముందు జేబు. మూల దగ్గర సూది గుడ్డలో ఉంచి తిప్పాలి. ఆ తొందరేమిటి? గుడ్డను లాగకు, దానంతటది వస్తుంది." ఆ గొంతులో పాత దర్జా మళ్ళీ వినిపించింది. ఆ పూట కూర మాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

బుధవారం కాలరక్క ఒక స్టీలు బిందె నిండా నీళ్ళు, రెండు గ్లాసులు పట్టుకుని కంపెనీకి వెళ్ళింది. బిందెను లైను మొదట్లో పెట్టి, "అందరూ నోట్లో బొత్తాలు తీసెయ్యండి. నీళ్ళు తాగండి. ఎవరికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు లేవండి" అంది.

ఒక్కరూ కదల్లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కుర్చీ ఎక్కగానే తమకు పరీక్ష పెడుతోందనుకున్నారు. ఎవరు లేస్తారో చూసి మేనేజరుకు చెప్తుందేమోనని ఒకామె పక్కామె చెవిలో గుసగుసలాడింది. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. ఏడేళ్ళు దాహాన్ని మింగమని చెప్పిన నోరే ఇవాళ తాగమంటే ఎవరు నమ్ముతారు?

కాలరక్క గ్లాసు ముంచి గటగటా తాగింది. ఇంకోటి తాగింది. మూడోది. అందరూ చేతులు ఆపి చూస్తున్నారు. తర్వాత మేకు దగ్గరికి వెళ్ళి, ఏడేళ్ళలో మొదటిసారి, ఆ బిళ్ళ తీసింది.

"చిన్నది ఆసుపత్రిలో ఉంది. దాని ఒంట్లో చీము పట్టింది. నాకు రాయి ఉంది. మీకు బొత్తాలిచ్చింది నేనే. తెలియక ఇచ్చాను, మంచి అనుకునే ఇచ్చాను, అయినా తప్పు నాదే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశాను. మీరు తిట్టినా పడతాను. కానీ తాగండి. ఇదిగో, నేను వెళ్తున్నా. ఈల ఊదేవాడెవడో ఊదమనండి."

హాలు ఈ చివర నుంచి ఆ చివరకు, నాలుగు లైన్ల మధ్యలోంచి, బిళ్ళ చేత్తో పట్టుకుని నడిచింది. తిరిగి వచ్చేసరికి జేబుల పిన్ని బిందె దగ్గర ఉంది. నోట్లోంచి బొత్తాం తీసి, దాని వంక ఒకసారి చూసి, "నాలుగేళ్ళు కాపురం చేశాం, ఇక పోవే" అని చెత్తబుట్టలో వేసి, గ్లాసు ఎత్తింది. ఆ తర్వాత చెత్తబుట్ట చప్పుడు చాలాసేపు ఆగలేదు.

బిళ్ళను కాలరక్క మేకుకు తగిలించలేదు. దాన్ని కడిగి, దుమ్ము పడకుండా నీళ్ళ గ్లాసు మీద మూతగా పెట్టింది.

ఆ రోజు ఆమె పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. పిన్ని లేస్తే జేబుల మిషను మీద కూర్చుంది. మొదటి జేబు వంకర పోయింది, విప్పి మళ్ళీ వేసింది. కఫ్‌ల ఆమె లేస్తే ఏం చెయ్యాలో తెలియక, గుడ్డలు సర్ది పెట్టి చేతులు ముడుచుకుంది. ఖాళీ మిషన్లు ఇప్పుడు రెండు, చిన్నదాని కాజాల మిషనుతో కలిపి. ఆ రెంటి పని పక్క మిషన్లవాళ్ళే లాగాలి. సాయంత్రానికి ఆరు వందల తొంభై.

మేనేజరు కాగితం చూసి, బిందె చూసి, గ్లాసు మీది బిళ్ళను చూశాడు. "ఏమిటమ్మా ఇది? నిన్ను కుర్చీలో కూర్చోబెడితే చలివేంద్రం పెట్టావు. ఇలాగైతే కుర్చీకి నీళ్ళొదులుకోవాల్సిందే."

"శనివారం దాకా గడువిచ్చారు కదా సార్" అంది కాలరక్క. ఇంటికి వెళ్ళి కఫ్ నేర్చుకుంది.

గురువారం ఏడు వందల ముప్పై. ఆ సాయంత్రం చెయ్యి ఎక్కించడం నేర్చుకుంది. టైలరు దుప్పట్లన్నీ చొక్కా చేతులుగా మారిపోయాయి. అత్తగారు ఆసుపత్రి నుంచి వచ్చి చూసి, "రేపు మనం కప్పుకోవాలంటే జేబుల్లో దూరాలి కాబోలు" అంది. చిన్నదానికి జ్వరం దిగింది, తినడానికి అడుగుతోంది అని కూడా చెప్పింది. ఆ మాట విన్నాక కాలరక్కకు సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది.

శుక్రవారం ఒక వింత జరిగింది. మధ్యాహ్నం మూడు దాటితే మూడో లైనులో చేతులు నెమ్మదించడం మామూలు. తలనొప్పులు, కళ్ళు బైర్లు కమ్మడం, సూది వేలికి గుచ్చుకోవడం అన్నీ ఆ వేళకే. ఆ రోజు ఎవరి చెయ్యీ తగ్గలేదు. పిన్ని ఏదో వెటకారం ఆడితే లైనంతా పకపకా నవ్వింది. నోట్లో బొత్తాం ఉంటే నవ్వలేరు మరి. ఏడేళ్ళలో ఆ హాలులో అంతమంది నవ్వు వినడం కాలరక్కకు అదే మొదలు. లెక్క ఏడు వందల డెబ్బై.

శనివారం ఆమె కుర్చీ వంక కూడా చూడలేదు. జేబు నుంచి కఫ్‌కు, కఫ్ నుంచి చేతికి, చేతి నుంచి కాలరుకు గెంతుతూనే ఉంది. ఎవరి మిషను అయిదు నిమిషాలు ఖాళీ అయినా ఆమె దాని మీద ఉంది. నడుములో రాయి తన ఉనికి చెబుతూనే ఉంది. ఆమె నీళ్ళు తాగి, ఓ క్షణం ఆగి, మళ్ళీ కూర్చునేది. ఐదు గంటలకు గంట కొట్టారు. లెక్కపెట్టే అతను రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఏడు వందల తొంభై ఎనిమిది.

కాలరక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు చొక్కాలు! ఏడేళ్ళలో లక్షల కాలర్లు కుట్టిన మనిషికి రెండు చొక్కాలు తక్కువ పడ్డాయి. మేనేజరు వచ్చి కాగితం చూశాడు. ఆయన కూడా కాస్త బాధపడ్డట్టే కనిపించాడు.

"కష్టపడ్డావు. కాదనను. కానీ మాట మాటే కదా. ఒక పని చెయ్యి. బిళ్ళ మళ్ళీ మేకుకు తగిలించు. ఇంకో రెండు రోజులు ఇస్తాను. ఎనిమిది వందలు నీకు చిటికెలో పని."

అడిగింది దొరికే దారి కళ్ళ ముందు ఉంది. చెయ్యి చాపితే కుర్చీ. కాలరక్క గ్లాసు మీది బిళ్ళను చూసింది, చిన్నదాని ఖాళీ మిషను చూసింది.

"సార్, ఇవాళ ఎన్ని మిషన్లు తిరిగాయో చూశారా?"

"నలభై."

"ముప్పై ఎనిమిది. కాజాలామె, బటన్లామె ఆసుపత్రి మంచాల మీద ఉన్నారు. నలభై మందీ నోరు కట్టేసుకుని కూర్చున్న రోజు మీకు తలా ఇరవై వచ్చాయి. నీళ్ళు తాగి, లేచి, తిరిగి, నవ్వుకుంటూ కుట్టిన రోజు తలా ఇరవై ఒకటి. మీరు తగ్గాయంటున్న ఆ రెండు చొక్కాలూ మేం కుట్టలేక తగ్గలేదు. మీ బిళ్ళ వాటిని ఆసుపత్రికి పంపింది."

మేనేజరు ఫోను తీసి లెక్క కట్టాడు. మళ్ళీ కట్టాడు. ముప్పై ఎనిమిదిని ఇరవై ఒకటితో ఎన్నిసార్లు హెచ్చించినా అదే వస్తుంది కదా.

"ఆ బిళ్ళ తగిలిస్తేనే కుర్చీ అంటే నాకొద్దు సార్. సోమవారం కాలర్ల మిషను మీద కూర్చుంటా. కానీ బిందె నాది. బిందె ఇక్కడే ఉంటుంది. నాకు దాహమేస్తే తాగుతా, అవసరమైతే లేస్తా. ఫోటో తీసేసుకోండి."

"నాకూ దాహమేస్తుందయ్యా" అంది జేబుల పిన్ని, మిషను మీది నుంచి లేవకుండానే. "నాకూ" అంది కఫ్‌ల ఆమె. తర్వాత ఎవరెవరన్నారో తెలియలేదు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. లెక్క తప్ప మరో భాష తెలియని మనిషి, అంతే. ఆ భాషలో మాట్లాడితే అర్థమైంది. ఫోను జేబులో పెట్టుకుని, "నెల రోజులు" అన్నాడు. "నెల రోజులు కుర్చీలో ఉండు, చూస్తాను. తగ్గితే మాత్రం ఊరుకోను." మేకు వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత చిన్నది పనిలోకి వచ్చింది. కాస్త చిక్కింది గాని నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. లైనులోకి అడుగుపెడుతూనే, "సూపర్వైజరు గారి కుర్చీ ఏదీ వదినా?" అంది.

కుర్చీ గోడ పక్కనే ఉంది. దాని మీద బిందె కూర్చుని ఉంది, ఫ్యాను కింద, దర్జాగా. సూపర్వైజరు ఆ వేళకు కఫ్‌ల మిషను మీద ఉంది.

అదే రోజు లైనుకు మరో కొత్త పిల్ల వచ్చింది. పల్లె నుంచి వచ్చినట్టుంది, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఏం అడిగినా తలూపుతోంది గాని నోరు విప్పడం లేదు. భయమనుకుంది కాలరక్క. కాసేపటికి ఆ పిల్ల బుగ్గలో చిన్న ఉబ్బు కనిపించింది. దగ్గరికి పిలిచి, గడ్డం కింద చెయ్యి చాపింది.

"ఉమ్మెయ్."

పిల్ల బెదురుగా ఉమ్మింది. నాలుగు చిల్లులది, తెల్లది.

"ఎవరిచ్చారే?"

"మా పక్కింటి అక్క, అమ్మా. రెండో లైనులో చేస్తుంది. ఇదుంటే నాకు ఏ బాధా ఉండదని చెప్పింది."

తన మాటే. పొల్లు పోకుండా తన మాటే, తన గొంతులోంచి రెండో లైనుకు పోయి, అక్కడి నుంచి ఊరు దాటి, ఈ పిల్ల నోట్లోంచి తిరిగొచ్చింది. కాలరక్క బిళ్ళ మూత తీసి, గ్లాసు నిండా నీళ్ళు ముంచి, పిల్ల చేతిలో పెట్టింది.

"తాగు. అడుగుదాకా తాగు. మొదటి పని ఇది, జేబు తర్వాత నేర్పుతా."

పిల్ల తాగుతుంటే ఆమె రెండో లైను వంక చూసింది. అక్కడ గోడకు మేకు ఉంది, మేకుకు బిళ్ళ ఉంది, నలభై మంది నోళ్ళు మూసుకుని తలలొంచుకుని కుడుతున్నారు. కాలరక్క చిన్నదాన్ని దాని కాజాల మిషను మీద కూర్చోబెట్టి, కుర్చీ మీది బిందెను నడుముకెత్తుకుని, రెండో లైను వైపు నడిచింది.